వెళ్ళొస్తామన్న మాట

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా, కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను. ఆ రాజుది మాణిక్యపురం. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు యుద్ధానికి బయల్దేరుతూ గడప మీద నిలబడి "పోతున్నానమ్మా" అన్నాడు. తిరిగి రాలేదు. రెండోవాడు వేటకి బయల్దేరుతూ "పోతున్నానమ్మా" అన్నాడు. వాడూ తిరిగి రాలేదు. అప్పట్నించీ రాణి ఆ మాట ఇంట్లో వినబడనివ్వలేదు. పాలు పోసే మనిషైనా సరే, "వెళ్ళొస్తా" అని గడప దాటాల్సిందే.

మూడోవాడు జయకేతుడు. వాడికి మంజరి అనే పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. పదహారు రోజుల పండగ కాగానే కొత్త దంపతులకి ఊళ్ళు తిరగాలని బుద్ధి పుట్టింది. అదీ ఎక్కడికి? ఏడు సముద్రాల అవతల పచ్చదీవికి. ఇప్పటివాళ్ళు ఐర్లండంటారే, అదేననుకోండి. రాణి గుండె రాయి చేసుకుని సరేనంది.

తీరా రథం ఎక్కాక మంజరి మళ్ళీ దిగి గడప దగ్గరికి పరిగెత్తింది. సంబరంలో ఆ మొగుడుగారు అమ్మకి చెప్పడమే మర్చిపోయాడు మరి.

"వెళ్ళొస్తాం అత్తయ్యా," అంది.

"వెళ్ళి రండి తల్లీ," అంది రాణి. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క కొడుకే.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. పచ్చదీవిలో ఒంటి గుర్రం బండి కట్టించుకున్నారు. ఎటు చూసినా పచ్చికే. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, గోడల మీంచి తొంగిచూసే గొర్రెలు. వాన వస్తుంది, గొడుగు తెరిచేలోగా పోతుంది, మూసేలోగా మళ్ళీ వస్తుంది. ఇద్దరూ ఒకే కంబళి కప్పుకుని ఊరి తర్వాత ఊరు చూసుకుంటూ వెళ్ళారు. మంజరికి అంత సంతోషం పుట్టాక ఎప్పుడూ లేదు.

మూడో రోజు సాయంత్రానికి ఒక కొండ మలుపులో ఒంటరి ఇల్లు కనబడింది. అందులో ఒక ముసలాయన, పంజరంలో ఒక చిలక. ఆయన పొయ్యిలో, అక్కడ కట్టెల బదులు మండించే నల్లమట్టి గడ్డలు ఎగదోసి, రొట్టె, వెన్న పెట్టి, పాలు కాచి ఇచ్చాడు. తెల్లారి బయల్దేరుతూ మంజరి దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తాం తాతగారూ," అంది. ఆయన ఆమె ముఖం కేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

పగలంతా బండి నడిచింది. కొండ చుట్టూ తిరిగి తిరిగి సాయంత్రానికి దారి ఆ గుమ్మం ముందే ఆగింది.

"వచ్చారా," అన్నాడు ముసలాయన.

దారి తప్పామనుకున్నారు. మర్నాడు "వెళ్ళొస్తాం" అని చెరువు గట్టు పట్టుకుని వెళ్ళారు. సాయంత్రానికి అదే గుమ్మం. "వచ్చారా." ఆ మర్నాడూ "వెళ్ళొస్తాం" అని పచ్చికబీళ్ళకి అడ్డంపడి వెళ్ళారు. మళ్ళీ అదే గుమ్మం. "వచ్చారా."

అప్పుడు గుర్రం నోరు విప్పింది.

"తల్లీ, నాకెందుకులే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఈయన మాంత్రికుడు. ఈయన ఒక్కగానొక్క కూతురు ఈ గడప మీదే 'వస్తాను నాన్నా' అంది. సముద్రం దాటి వెళ్ళడం ఈయనకి ఇష్టం లేక ముఖం తిప్పుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఆమె వచ్చేదాకా చావు రాకూడదని తన ప్రాణం తీసి ఆ చిలకలో పెట్టుకున్నాడు. ఈ గడప మీద ఎవరు వస్తామన్నా దారే వాళ్ళని వెనక్కి తెచ్చేలా మంత్రం వేశాడు. మీ దేశంలో అది మర్యాద. ఇక్కడ అది ఇచ్చిన మాట. 'పోతున్నాం' అని ఒక్కసారి అనండి, దారి వదిలేస్తుంది."

"ఓస్, ఇంతేనా. అనేస్తే సరి," అని జయకేతుడు నోరు తెరిచాడు.

మంజరి గభాలున ఆ నోరు మూసింది. "మీ అన్నయ్యలిద్దరూ ఆ మాటే అన్నారండీ. మూడో కొడుకు నోట కూడా అదే వస్తే అత్తయ్య ఏమైపోతారు?"

అతను తల దించుకున్నాడు. ఆ మాట అంటే అత్తగారికి కడుపుకోత. అనకపోతే ఈ గుమ్మంలోనే ముసలివాళ్ళయిపోవడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మంజరి పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని ముసలాయన ఎదుటికి వెళ్ళింది.

"తాతగారూ, వస్తామన్నది నిజమే. కాదనను. కానీ మీకంటే ముందు ఇంకో గడప మీద అదే మాట ఇచ్చాను. అక్కడ మా అత్తగారు కూర్చుని ఉన్నారు. ముందిచ్చిన మాట ముందు తీరాలా, వద్దా?"

మాంత్రికుడు చిలక వైపు తిరిగాడు. ఆయన ప్రాణం అందులో ఉంది కనక అది ఆయనతో అబద్ధమాడదు.

"ముందు మాటే ముందు," అంది చిలక.

ముసలాయన గడపకి అడ్డంగా నిలబడ్డాడు. "మరి నా దగ్గరికి?"

"వస్తాం," అంది మంజరి.

"నా కూతురూ అలాగే అంది," అన్నాడాయన. అయినా పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

ఏడు సముద్రాలూ దాటి ఇల్లు చేరేసరికి రాణి గడప మీదే ఉంది. కొడుకు ముఖం తడిమింది, కోడలి ముఖం తడిమింది. "వచ్చారా," అని భోరున ఏడ్చింది. ఆ రోజు ఊరంతా పాయసం.

జయకేతుడు జరిగిందంతా చెప్పి, "ఎలాగో తప్పించుకొచ్చామమ్మా. మళ్ళీ అటు వెళ్ళమని ఎవరడుగుతారు?" అన్నాడు.

రాణీ మంజరీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే.

"గడప మీద కూర్చుని ఎదురుచూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసురా," అంది రాణి. "ఆ తండ్రి ఇంకా కూర్చునే ఉంటాడు. వెళ్ళి రండి."

వాళ్ళు మళ్ళీ ఏడు సముద్రాలు దాటారు. అదే బండి, అదే గుర్రం. ఈసారి దారి వాళ్ళని లాగలేదు, మలుపులన్నీ వాళ్ళే వెతుక్కుంటూ వెళ్ళారు. ముసలాయన గుమ్మంలో ఉన్నాడు. వాళ్ళని చూసి గబగబా లేచి ఎదురొచ్చాడు.

"వచ్చారా," అన్నాడు.

"వచ్చాం తాతగారూ," అంది మంజరి.

ఆయన పంజరం తలుపు తీశాడు. చిలక గడప మీద వాలి, ఆ కూతురి గొంతుతో, "వస్తాను నాన్నా," అంది. ఈసారి ఆయన ముఖం తిప్పుకోలేదు.

"వెళ్ళి రా తల్లీ," అన్నాడు.

అది ఎగిరిపోయింది. చిలకని వదిలి ప్రాణం మళ్ళీ ఆయన ఒంట్లోకి వచ్చింది. వస్తూనే మోకాళ్ళు నొప్పెట్టాయి, ఆకలేసింది, అందరు ముసలివాళ్ళలాగే. మంజరి దగ్గరుండి రొట్టె తినిపించింది.

మూడు రోజులుండి బయల్దేరారు. "వెళ్ళొస్తాం," అంది మంజరి అలవాటు కొద్దీ. అని నాలిక్కరుచుకుంది.

"వెళ్ళి రండి," అన్నాడు ముసలాయన నవ్వి. దారి తిన్నగా సముద్రం దాకా సాగింది.

జయకేతుడూ మంజరీ నలభై ఏళ్ళు రాజ్యం చేశారు. ఏటా వానలు వెనకపట్టాక ఒకసారి పచ్చదీవికి వెళ్ళొచ్చేవారు. ముసలాయన పోయాక కూడా, ఖాళీ గుమ్మానికి ఓ దణ్ణం పెట్టి వచ్చేవారు.

ఇదిగో, కథ కూడా వెళ్ళొస్తానంటోంది. ముఖం తిప్పుకోకండి, వెళ్ళి రమ్మనండి.