తవిటమ్మ తిట్టిన హారతి

కొండ మీదికి దారి వేసిన కొత్త. కారు వస్తే ఎద్దులు బెదిరి చేలో పడే రోజులు. అప్పుడు ఏ దొర ఏలాడో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. తవిటమ్మ తిట్టిన తిట్టు మాత్రం అందరికీ గుర్తుంది.

తవిటమ్మకి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుకని పుట్టగానే ఆమెని చాటెడు తవుడికి అమ్మి, మళ్లీ కొనుక్కుంది తల్లి. ఆ పేరు అలా వచ్చింది. తర్వాత తల్లి పోయింది. కట్టుకున్నవాడూ పోయాడు. మిగిలింది తమ్ముడు సన్నాసి ఒక్కడే. వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడు పెద్దై దొరగారి కారు షెడ్డులో మేస్త్రీ అయ్యాడు. ఆమె ఆ షెడ్డులోనే నూనె గుడ్డలు ఉతికేది.

కోపం ఆమెకి ఊపిరితో పాటు వచ్చింది. గంజి పొంగితే పొయ్యిని తిట్టేది. పొంగకపోతే గంజిని తిట్టేది. తమ్ముడికి అన్నం వడ్డిస్తూ తిట్టేది, వాడు చాలంటే ఇంకో ముద్ద వేసి మరీ తిట్టేది.

దొరగారి కారు ఆయన తండ్రి నాటిది. అద్దంలా మెరిసేది గాని, కొండెక్కుతూ సగం దారిలో దగ్గి ఆగిపోయేది. ఇంజనుకి పెట్రోలు సరిగా అందుతోందో లేదో తెలియాలని దొర పట్నం నుంచి ఒక గేజీ తెప్పించాడు. అరచేతిలో ఇమిడే గడియారం లాంటిది. దానికి ఒకటే ముల్లు. గొట్టంలో పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోందో ఆ ముల్లు చూపిస్తుంది. గొట్టాన్ని కోసి, నడుమ ఇత్తడి ముక్క పెట్టి, దానికి గేజీ బిగించాలి.

"శుక్రవారం పూజ చేయిస్తాను" అన్నాడు దొర. "బానెట్ ఎత్తి ఉంచండి. ఇంజను ఆడుతూ ఉండాలి. ముల్లు కదలడం ఊరంతా చూడాలి."

సన్నాసి గొట్టం కోశాడు. మరలకి నూలు చుట్టాడు. బిగించాడు. ఇంజను తిప్పితే ముల్లు లేచింది. దానితో పాటే ఇత్తడి ముక్క కింద ఒక చుక్క వేలాడింది. రాలింది. ఇంకోటి వేలాడింది.

షెడ్డులో ఉన్న అందరికీ వాసన వచ్చింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

గుడ్డల మూట దించుతున్న తవిటమ్మ విప్పింది.

"ఓరి సన్నాసీ, కారతన్నాదిరా! ఆపరా!"

వాడు ఆపాడు. గొంతు తగ్గించి అన్నాడు: "కోసినప్పుడు పొట్టు మరల్లో పడిందప్పా. అంతా ఇప్పేసి, కడిగి, లక్క పూసి, ఒక రోజు ఆరనివ్వాల. అప్పుడు గాని కుదరదు."

"అదే దొరగారి దివానుకి సెప్పు."

"పూజ దగ్గరకొచ్చేసింది. ఎలా సెప్పనప్పా?"

"నోటితో సెప్పరా! అన్నం దేంతో తింతన్నావు?"

సన్నాసి చెప్పలేదు. ఇంకాస్త బిగించాడు.

బిగించేకొద్దీ మరలు నలిగాయి. చుక్క పోయి ధార వచ్చింది. దివానుగారు వచ్చి, ముక్కు చిట్లించి, "బాగుంది, బాగుంది" అంటూ వెనక్కి నడిచాడు. అందరికీ వాసన వచ్చింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

"కారతన్నాదిరా! ఆపరా!" అంది తవిటమ్మ.

మూడోసారికి సన్నాసి సబ్బు పట్టాడు. అక్క బట్టల సబ్బే తెచ్చి, మెత్తగా నలిపి ఇత్తడి ముక్క చుట్టూ మెత్తాడు. ధార ఆగింది. "సబ్బు పట్టేసిందప్పా" అన్నాడు.

"నా సబ్బు సంగతి నాకు సెప్తావేట్రా? కదుపుతుంటే అరగడమే దాని పని. ఓ దివానుబాబూ, మా వోడు దీంట్లో కూకుంటాడు. కాలితే నా తమ్ముడు కాల్తాడు, తవరు కాదు!"

గుమ్మం దగ్గర ఆగిన దివానుకి కళ్లెర్రబడ్డాయి. "శుభమా అని పూజ పెట్టుకుంటే బొట్టులేని దాని నోరేమిటి మధ్యలో? శుక్రవారం నువ్వు ఈ చాయలకి వస్తే కాళ్లు విరిచేస్తాను."

శుక్రవారం వచ్చింది. కారుకి బంతిపూల దండలు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఊరంతా మూగింది. సన్నాసి స్టీరింగు ముందు కూర్చుని ఇంజను తిప్పాడు. ముల్లు లేచింది. జనం ఈలలు వేశారు. దొర మీసం దువ్వుకున్నాడు.

ఇంజను అదిరింది. సబ్బు కరిగి జారింది. దాని వెనకే ధార దిగింది.

అందరికీ వాసన వచ్చింది. పిల్లలకి వచ్చింది. ముసలివాళ్లకి వచ్చింది. సన్నాసికీ వచ్చింది. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. ముహూర్తం వేళ చెడుమాట ఎవరు అంటారు?

పంతులుగారు కర్పూరం వెలిగించారు. పళ్లెం పట్టుకుని బానెట్ వైపు నడిచారు.

ప్రహరీ అవతల, రావద్దన్న చోటే, తడి గుడ్డల మూటతో నిలబడి ఉంది తవిటమ్మ. వాసన అక్కడికీ వచ్చింది. ఆమె మనుషుల్ని తోసుకుంటూ వచ్చి, మూటకి మూట హారతి పళ్లెం మీద కుమ్మరించింది.

హారతి ఆరిపోయింది.

అప్పుడు విప్పారు నోళ్లు. "హారతి ఆర్పేసింది! అపశకునం! కొట్టండి దాన్ని!"

"కొట్టండ్రా! ముందిది సూసి కొట్టండి! ఓరి సన్నాసీ, ఆపరా!"

ఇంజను ఆగింది. ఆమె దొరగారి భుజం మీది తెల్ల కండువా లాగి, ఇత్తడి ముక్క కింద తుడిచి, అందరి ముందూ పిండింది. పెట్రోలు బొటబొటా కారింది. ఆ కండువా పంతులుగారి ముక్కు కింద పెట్టింది.

"వాసన రాలేదా బాబూ?"

"వచ్చిందమ్మా" అన్నారాయన, తల దించుకుని.

దివాను ముక్కు కింద పెట్టింది.

"నాకు జలుబు" అన్నాడు దివాను.

దొర ముక్కు కింద పెట్టింది. దొర మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు తమ్ముడి దగ్గరికి వెళ్లింది. "నీకు రాలేదేట్రా?"

"వచ్చిందప్పా."

చెంప పగిలేలా కొట్టింది. కొట్టిన చేత్తోనే వాడి చొక్కా గుప్పిట పట్టుకుని, వదలకుండా నిలబడింది.

దొర గొంతు సవరించుకున్నాడు. "ఏదేమైనా హారతి ఆర్పిన మనిషి నా ఊళ్లో ఉండకూడదు."

అది అన్యాయమని ఊరందరికీ తెలుసు. ఊరు మళ్లీ నోరు మూసుకుంది.

సన్నాసి కారు దిగాడు. దొర ఎదటికి వచ్చి నిలబడ్డాడు.

"దొరా, తప్పు నాది. కారతన్నాదని నాకు ముందే తెలుసు. భయపడి సెప్పలేదు. మా అప్ప పోతే నేనూ పోతాను. నేను పోయాక కూడా, ఇది ఇప్పి కడిగేదాకా దీని దగ్గరికి అగ్గి తేవద్దు."

"ఇప్పుడొచ్చిందేట్రా నోరు!" అని తవిటమ్మ రెండో చెంప కూడా వాయించింది.

అక్కాతమ్ముళ్లు కొండ మలుపు దగ్గర తాటాకుల పాక వేసుకున్నారు. కొండెక్కే బండి ప్రతిదీ అక్కడ ఆగేది. సన్నాసి ఏ గొట్టం బిగించినా విప్పి, కడిగి, లక్క పూసి, ఆరబెట్టేవాడు. ఇంజను ఆడించి తెల్లగుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డని తవిటమ్మ వాసన చూసేది. వాసన వస్తే తిట్టేది. రాకపోతే, ఇంతసేపు చేశావని తిట్టేది. ముసలిదై, మంచాన పడి, మంచం నులకని తిడుతూ కన్ను మూసింది.

ఆమె పోయాక వచ్చిన మొదటి బండికి సన్నాసి పని ముగించాడు. గుడ్డ చేతిలో ఉంది. పాకలో ఎవరూ తిట్టలేదు. గుమ్మం దగ్గర ఊడుస్తున్న ముసలమ్మకి ఆ గుడ్డ అందించి, "నువ్వు సూసి సెప్పమ్మా. ఎంత మాటైనా అను" అన్నాడు.

ఆ కొండ కింద ఇప్పటికీ అంతే. బండికి పూజ చేస్తే బానెట్ మూసి, దూరంగా నిలబడి కర్పూరం వెలిగిస్తారు. వెలిగించే ముందు గొట్టాలు తుడిచిన తెల్లగుడ్డ చేతులు మారుతుంది. ఊడ్చే మనిషికి మొదట ఇస్తారు, యజమానికి చివర ఇస్తారు. ఎవరు 'ఆపు' అన్నా పూజ ఆగాల్సిందే. అన్నవాళ్లని పల్లెత్తు మాట అనకూడదు. వాసన తెలిసీ ఊరుకున్నవాడికి మాత్రం ఆ రోజు కొబ్బరిముక్క పెట్టరు.

బండి బాగుకి ఇవ్వబోయేవాళ్లకి పెద్దలు ఒకటే చెబుతారు: "తిట్టే మనిషి లేని షెడ్డులో బండి పెట్టకు."