పియోనీ పక్కన నిలబడ్డ మొక్క

ఒకానొక రాజ్యంలో, చలికొండల పంచన, భూరివిక్రముడనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే బిరుదులన్నీ చదివితే తప్ప సింహాసనం మీద కూర్చునేవాడు కాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం తమ వంశంలోనే లేదనేవాడు.

ఆయన తల్లి రత్నమాంబకు పూలతోటే లోకం. యవన వర్తకుడొకడు తెచ్చిచ్చిన పియోనీ అనే పూలమొక్కను తన చేత్తోనే నాటుకుంది. తల్లి మీది ప్రేమకొద్దీ రాజు, "అమ్మ తోటలో నాటినదాన్ని పెకలించినవాడికి చెరసాలే" అని చాటింపు వేయించాడు.

ఆ ఏడు రత్నమాంబకు ఉబ్బసం ముదిరింది. ఆస్థాన వైద్యుడు నరహరిభట్టు మందులేవీ పనిచేయలేదు. ఆయన శిష్యుడు సోమన పగలనక రాత్రనక ఆమె పక్కనే కూర్చుని తన మందుతో కుదుటపరిచాడు. భట్టుగారికి కడుపు మండిపోయింది.

"నా అనుమతి లేకుండా మందిచ్చాడు. ఇది గురుద్రోహం ప్రభూ!" అని సభలో గగ్గోలు పెట్టాడు.

రాజు వెనకాముందూ చూడలేదు. "పొద్దుగూకేలోగా సోమన పొలిమేర దాటాలి. లేదంటే భటులే ఈడ్చి పారేస్తారు" అనేశాడు. అన్నాక తల్లి గుర్తొచ్చింది. బిరుదులు అడ్డొచ్చి మాట వెనక్కి తీసుకోలేకపోయాడు, పాపం.

సభలో చిట్టెన అనే చతురుడున్నాడు. అతను సోమన చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

పొద్దు వాలుతుండగా భటులు పరుగెత్తుకొచ్చారు. "ప్రభూ, సోమన అమ్మగారి తోటలో ఉన్నాడు. ముట్టుకోవాలంటే మాకు భయంగా ఉంది."

రాజు వెళ్లి చూశాడు. పియోనీ పక్కనే గొయ్యి తీసి, మోకాళ్లదాకా మట్టి కప్పుకుని సోమన నిలబడి ఉన్నాడు. రత్నమాంబ చెంబుతో అతని మొదట్లో నీళ్లు పోస్తోంది. పక్కనే చిట్టెన ఉన్నాడు.

"చిట్టెనా! ఏమిటీ వేషం?"

"మొక్క, మహాప్రభూ. తమరి చాటింపుకు జడిసి భటులు పెకలించడం లేదు."

"మనిషిని పట్టుకుని మొక్కంటావా?"

"పియోనీ అన్న పేరే ఒక వైద్యుడిది ప్రభూ. యవనుల దేవతలకు పేయన్ అనే వైద్యుడు ఉండేవాడట. తనను మించి నయం చేశాడని గురువే అతణ్ణి చంపబోతే, దేవుడు జాలిపడి ఈ పువ్వుగా మార్చాడట. వర్తకుడు చెప్పాడు. తమరూ దైవసమానులే కదా, అని..."

ఆ బిరుదు కూడా రాజుకు ఉంది మరి.

రత్నమాంబ చెంబు దించింది. "నీ చాటింపు నువ్వే నిలబెట్టుకో నాయనా. వీడు వెళ్లిపోతే, ఊపిరాడనప్పుడు నేనెవరిని పిలవను?"

రాజు కళ్లు చెమర్చాయి. మట్టిలో బిక్కచచ్చి నిలబడ్డ సోమనను చూసేసరికి మాత్రం నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మేము వెళ్లగొట్టింది మనిషిని. మొక్కను కాదు!" అంటూ చేతి కంకణం తీసి చిట్టెనకు తొడిగాడు.

తరవాత తల్లి దగ్గర చెంబు అందుకుని, "పెకలించడం కాదిది, అమ్మ గదికి మార్చి నాటడం" అంటూ సోమనను చెయ్యిచ్చి పైకి లాగి, అతని కాళ్ల మట్టి తనే కడిగాడు.

"పద వైద్యుడా," అన్నాడు. "అమ్మకు మందు వేళైంది."