జొన్నలరేవు ఇద్దరి అరుగు

జొన్నలరేవు మరియమాత గుడికి వచ్చే యాత్రికులు లోపలికి వెళ్లేముందు తలుపు పక్కనున్న రాతి అరుగును చూడవలెను. పేరుకు ఇద్దరి అరుగే గాని దానిమీద పదిమంది సులువుగా కూర్చోవచ్చు. జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దలు పాస్క అనే ఈస్టరు పండుగకు ముందటి నలభై రోజుల తపస్సుకాలంలో, ఆదివారాల్లో ప్రసంగం కాగానే లేచివచ్చి ఇక్కడే కూర్చుంటారు.

పూర్వం ఇక్కడ తాటాకు గుడి ఉండేది. రేవులో పడవ నడిపే గురవమ్మకు క్రీస్తు ప్రభువును చేరుకోవాలని మనసైంది. జపాలన్నీ నేర్చుకుంది. ఉపదేశి ఏమడిగినా తడుముకోకుండా చెప్పేది. అయితే జ్ఞానస్నానం పొందనివారు ప్రసంగం తరువాత లోపల ఉండరాదని ఆనాటి కట్టడి. అందుచేత ఆమె ఈ అరుగుమీద కూర్చుని, క్రీస్తు శరీరంగా నాలుకపై అందుకునే సత్ప్రసాదపు అప్పాన్ని పైకెత్తే వేళ మోగే గంట వినేది. ఆ గంట విన్నప్పుడల్లా ఆమెకు ఆకలివంటి బాధ కలిగేది.

ఇక కావలసింది జ్ఞానస్నానమప్పుడు చేయి పట్టి నిలిచే జ్ఞానతల్లి ఒక్కరే. కొందరు ముందుకొచ్చినా గురవమ్మ శౌరమ్మనే కోరింది. శౌరమ్మ కొడుకు ఇన్నాసి ఏటిపోటులో గురవమ్మ పడవ బోల్తాపడి మునిగిపోయాడు. పోటు చూస్తూ కూడా పడవ విప్పినది గురవమ్మే. ఆ తల్లి చేయి పట్టుకోకుండా తాను లోపలికి రాలేనని ఆమె గుడి స్వాములవారితో చెప్పింది. శౌరమ్మ ఆమె ముఖం చూడటానికే ఒప్పుకోలేదు. జ్ఞానస్నానాలిచ్చే పాస్క పండుగలు వచ్చి పోయాయి. గురవమ్మ అరుగుమీదే ఉండిపోయింది.

ఒక తపస్సుకాలపు ఆదివారం శౌరమ్మ సత్ప్రసాదానికి లేచి సగం దారిలో ఆగింది. వెనుదిరిగి బయటికి నడిచి, గురవమ్మ పక్కన చతికిలబడింది.

“నువ్విక్కడ ఎదురుచూస్తంటే నాకక్కడ నోరు తెరవబుద్ధి కావట్లేదే” అంది.

గురవమ్మ కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది. ఆ తపస్సుకాలమంతా శౌరమ్మ సత్ప్రసాదం మానుకుని ఆమెతోనే బయట కూర్చుంది.

పాస్క శనివారం ఉదయం, ఈమెకు జ్ఞానతల్లి ఎవరని స్వాములవారు జ్ఞానస్నానపు నీళ్ల దగ్గర అడిగారు. శౌరమ్మ గురవమ్మ భుజంమీద చేయివేసింది.

“నీళ్లు నా బిడ్డను తీసకపోయినయ్ సామీ. ఈ నీళ్లలోంచే ఈ బిడ్డను తీసుకుంటన్నా.”

నేటికీ తపస్సుకాలంలో, జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి పక్కన వారితో మాటలు లేని మనిషి ఒకరు సత్ప్రసాదం మానుకుని కూర్చుంటారు. మా ఊళ్లో అలకలకు కరువు లేదు గనుక ఆ చోటు ఏ యేడూ ఖాళీగా ఉండలేదు. ఇక్కడ కూర్చుంటే రోగాలు పోతాయని మేము చెప్పము. గంట మోగగానే ఇద్దరూ లోపలికే చూస్తారు. అలా చూసినవారిని మరియతల్లి పాస్కనాడు సత్ప్రసాదానికి ఒకే వరుసలో నిలబెడుతుందని ఊరి నమ్మకం. యాత్రికులకూ అరుగుమీద చోటుంది. ఎవరి పక్కన కూర్చోవాలో వారికే తెలుసు.