గిజిగాడి సభాశాల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటా వానాకాలం మొదట్లో పెద్ద సభ జరిగేది. సభంటే ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కాదు. చుట్టుపక్కల అడవులన్నిటి నుంచీ జంతువులు వచ్చేవి. ఎవరి పనితనం వాళ్ళు తెచ్చి, వరసగా పెట్టి, అందరికీ చూపించేవాళ్ళు.

ఆ సభకి ఒక పద్ధతి ఉంది. ఇప్పుడే గుర్తు పెట్టుకోండి, తరవాత మళ్ళీ చెప్పమంటే చెప్పను. సభ మొదలయ్యే ముందు సభాపెద్ద అడవిదున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలిచినవాళ్ళు "ఉన్నా!" అనాలి. అందరూ పలికాకే సభ మొదలు.

అందరూ ఒక్కసారే అనేవాళ్ళు. కుందేలవ్వ మాత్రం "ఉన్నా నాయనా, ఉన్నా!" అని రెండుసార్లు అనేది. ముసలిది కదా, ఒకసారి వినపడిందో లేదో అని బెంగ. అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

కుందేలవ్వ తెచ్చేది గింజలు. నలభై రకాల గింజలు, నలభై ఆకు దొప్పల్లో. ఏ గింజ ఏ కొండ మీద దొరుకుతుందో గడగడా చెప్పేది. అయితే ఒక ఏడు సభ మధ్యలో భోరున వాన వచ్చింది. దొప్పలన్నీ కొట్టుకుపోయాయి. అవ్వ ఆ వానలోనే కూర్చుని బావురుమంది.

"ఏడాదంతా ఏరుకున్నా నాయనా. మళ్ళీ ఏరే ఓపిక నాకు ఎక్కడిది?" అంది.

దున్న పెద్దయ్య మనసు కరిగిపోయింది. "మాలాంటి పెద్ద ఒళ్ళున్నవాళ్ళకి వాన ఒక లెక్కా? చిన్నవాళ్ళకే కష్టం. వచ్చే ఏటికి చిన్నవాళ్ళందరూ పట్టేట్టు కప్పున్న సభాశాల కట్టిద్దాం" అన్నాడు.

ఎవరు కట్టాలి? అందరూ గిజిగాడి వైపే చూశారు. గూడు అల్లడంలో వాడిని మించినవాడు ఆ అడవిలో లేడు మరి. గూడు అల్లి, గోడకి తడిమట్టి ముద్ద పెట్టి, అందులో మిణుగురుని కూర్చోబెట్టి దీపం పెట్టుకునే షోకిలా వాడు!

మొదట్లో గిజిగాడు బుద్ధిగానే పనిచేశాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎవరికి ఎంత చోటు కావాలో గడప గడపకీ తిరిగి అడిగాడు. ఏటి ఇసుకలో ముక్కుతో గీతలు గీశాడు. ఉడుతలకి ఇక్కడ, ముంగిసలకి అక్కడ, తాబేళ్ళకి మెట్లు లేని దారి. కుందేలవ్వకి అన్నిటికంటే లోపలి మూల ఇచ్చాడు.

"అవ్వా, అక్కడికి చినుకు కూడా రాదు. నాది పూచీ" అన్నాడు.

"నూరేళ్ళు బతుకు నాయనా" అంది అవ్వ.

శాల ఆకారం మాత్రం వాడి గూడే. పెద్ద మట్టి బుర్ర. దానికి పొడుగాటి సన్నటి గొట్టంలాంటి దారి. అదొక్కటే దారి. వేరే కంత అన్నది లేదు.

గోడలు మెత్తడానికి ఒప్పుకున్న చెదలమ్మ ఆ గీతల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అబ్బాయ్, లోపలికి వెళ్ళేవాళ్ళ దారి చూశా. లోపల వదిలిన ఊపిరి ఎటు పోతుంది?" అంది.

"ఊపిరా?"

"మా పుట్ట చూడు. ఎన్ని బొక్కలు! షోకుకి పెట్టుకున్నాం అనుకున్నావా?"

గిజిగాడికి ఒళ్ళు మండింది. "పుట్ట పుట్టే, సభాశాల సభాశాలే చెదలమ్మా. నా గూటికి ఒక్కటే దారి. మా వాళ్ళెవరికైనా ఏమైనా అయిందా?"

"మీది గడ్డి గూడు నాయనా. గడ్డిలోంచి గాలి ఆడుతుంది. ఇది మట్టి."

గిజిగాడు మొహం తిప్పుకున్నాడు. అయినా మనసులో ఎక్కడో గుచ్చుకుంది. అందుకని గుమ్మడికాయంత మట్టి నమూనా చేశాడు. లోపల పది మిణుగురుల్ని పెట్టాడు. అవి ఎగిరిపోకుండా దారిని ఆకుతో మూశాడు. పొద్దున పెట్టి, మిట్టమధ్యాహ్నం వచ్చి చూశాడు.

తొమ్మిది దీపాలు ఆరిపోయాయి.

పదోది మినుకుమినుకుమంటోంది. గిజిగాడు కన్ను పెట్టి చూస్తే అది సన్నగా అంది: "గాలి అయిపోయిందయ్యా." అంతే, అదీ ఆరిపోయింది.

గిజిగాడి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఇప్పుడు వెళ్ళి "పెద్దయ్యా, నా గీత తప్పు, మళ్ళీ గీస్తా" అంటే సరిపోయేది. కాని మర్నాడే నమూనా అందరికీ చూపించాలి. అందరూ మెచ్చుకోవాలని వాడు ఎదురుచూస్తున్నాడు. చెదలమ్మ ముందు తల వంచాలంటే ప్రాణం మీదికొచ్చింది. వాడు ఏం చేశాడో తెలుసా? చచ్చిన మిణుగురుల్ని ఏట్లో పారేసి, కొత్తవి పది తెచ్చి పెట్టాడు.

ఎందుకలా చేశాడంటారా? మీరు కుండ పగలగొట్టి పెంకుల్ని గాదె కింద ఎందుకు దాచారో, అందుకే!

మర్నాడు నమూనా చూసి అందరూ ఆహా ఓహో అన్నారు. పని మొదలైంది. అడవిపందులు మట్టి తొక్కాయి. చెదలు గోడలు మెత్తాయి. శాల కొండలా లేచింది. లోపలి గోడల నిండా మిణుగురు దీపాలు.

కాని పనిచేసే పందులు మధ్యాహ్నానికల్లా బయటికి వచ్చి తల పట్టుకుని కూర్చునేవి. "లోపల ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంది గిజిగా" అనేవి. లోపలి మూలలో దీపాలు రోజూ ఆరిపోయేవి. గిజిగాడు ఎవరూ చూడకుండా రోజూ కొత్తవి పెట్టేవాడు. రోజూ ఆరినవాటిని ఏరేవాడు. ఎన్ని ఏరాడో వాడికే తెలియదు. "సభ ఒక్క పూటే కదా, ఏం కాదులే" అని తనకి తనే చెప్పుకునేవాడు.

సభ రోజు వచ్చింది. పొద్దున్నే మబ్బు కమ్మింది. చినుకు పడగానే చిన్నవాళ్ళందరూ గొట్టం దారిలోంచి లోపలికి పరుగెత్తారు. అందరికంటే ముందు కుందేలవ్వ, నలభై దొప్పలతో. ఈసారి నలభైకి నలభై మళ్ళీ ఏరింది మహాతల్లి! వెళ్తూ వెళ్తూ గిజిగాడి రెక్క నిమిరింది.

"నా మూల ఉంది కదా నాయనా?"

"ఉందవ్వా" అన్నాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

వాన జోరందుకుంది. చివరగా వచ్చిన అడవికోళ్ళు, తాబేళ్ళు గొట్టంలోనే ఇరుక్కోవడంతో దారి నిండిపోయింది. పెద్ద జంతువులూ, వాటితో గిజిగాడూ బయట వానలో నిలబడ్డారు. దున్న పెద్దయ్య గొట్టం దగ్గర మూతి పెట్టి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"ఉడుతా!"

"ఉన్నా!"

"ముంగిసా!"

"ఉన్నా!"

పేరు పిలిచేవాడు, జవాబు వచ్చేది. పది పేర్లయ్యాక జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఇరవయ్యాక ఇంకా ఆలస్యం. ఆ గొంతులు కూడా ఎక్కడో అడుగు నుంచి, నిద్దట్లో మాట్లాడుతున్నట్టు వచ్చాయి.

"అలుగూ!"

చాలాసేపటికి, "...ఉన్నా."

"ఉడుమూ!"

జవాబు లేదు.

"ఉడుమూ! ఏమర్రా, నిద్రపోతున్నారా?" అన్నాడు పెద్దయ్య నవ్వుతూ. బయట ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గిజిగాడు మాత్రం నవ్వలేదు. దారిలో ఇరుక్కున్నవాళ్ళ తలల మీంచి, గొట్టం చివర గోడ మీది దీపం ఒకటి వాడికి కనపడుతోంది. అది మినుకుమినుకుమంది. ఆరిపోయింది. దాని పక్కది ఆరిపోయింది. ఆ పక్కది కూడా.

ఇప్పుడైనా చెప్పొద్దూ? "ఇంకొక్క పేరు పలుకుతారేమో చూద్దాం" అనుకున్నాడు దౌర్భాగ్యుడు. ఇంకో పేరు. ఇంకో పేరు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కుందేలవ్వా!"

లోపల చీకటి. ఎవరూ పలకలేదు. రెండుసార్లు పలికే అవ్వ ఒక్కసారి కూడా పలకలేదు.

అప్పుడు గిజిగాడు గుండె బద్దలయ్యేట్టు అరిచాడు. "పెద్దయ్యా, పగలగొట్టు! లోపల గాలి లేదు! నాకు ముందే తెలుసు! పగలగొట్టు!"

పెద్దయ్య ఒక్క క్షణం వాడి వైపు చూశాడు. ఆ చూపు వాడు ఇప్పటికీ మర్చిపోలేదు. తరవాత కొమ్ములు వంచి గోడని గుద్దాడు. గోడ చెక్కుచెదరలేదు. చెదలమ్మ వాళ్ళు మెత్తిన గోడ మరి. రెండోసారి గుద్దాడు, బీట పడింది. మూడోసారికి గోడ పగిలి, లోపలి నుంచి వెచ్చటి పాత గాలి బుస్సుమని బయటికొచ్చింది.

ఒక్కొక్కరినీ బయటికి లాగారు. వాన మొహాన పడగానే ఉడుత దగ్గింది. ముంగిస కళ్ళు తెరిచింది. అలుగు, ఉడుము, అడవికోళ్ళు, అందరూ లేచారు. అన్నిటికంటే లోపలి మూల నుంచి తెచ్చిన కుందేలవ్వ లేవలేదు. గిజిగాడు చెప్పినట్టే, ఆ మూలకి ఒక్క చినుకు కూడా రాలేదు. నలభై దొప్పలూ పొడిగా ఉన్నాయి.

గిజిగాడు ఆ దొప్పల ముందు పడి ఏడ్చాడు. తను చేసిందంతా, నమూనా సంగతి, ఏట్లో పారేసిన మిణుగురుల సంగతి, అందరి ముందూ చెప్పేశాడు. ఎవరూ వాడిని కొట్టలేదు. ఎవరూ ఓదార్చలేదు కూడా.

మర్నాడు వాడే చెదలమ్మ దగ్గరికి వెళ్ళి తల వంచి నిలబడ్డాడు. "బొక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పమ్మా" అన్నాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ గీశారు. నాలుగు వైపులా నాలుగు దారులు పెట్టారు. గోడల పైభాగమంతా కంతలు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఏటా సభ జరుగుతుంది. దీపాలు ఆరవు. ఎవరికీ తల నొప్పి రాదు. లోపలి మూలలో నలభై దొప్పలు అలాగే ఉంటాయి. వాటిలో గింజలు ఏటా ఏరి నింపేది గిజిగాడే.

పేర్లు పిలవడం కూడా మానలేదు. పెద్దయ్య అందరినీ పిలిచాక, ఆఖరున "కుందేలవ్వా!" అని పిలుస్తాడు. శాల అంతా నిశ్శబ్దమైపోతుంది. గిజిగాడు కళ్ళు మూసుకుంటాడు.

పైన కంతల్లోంచి గాలి దూరుతుంది. ఆ లోపలి మూల నుంచి సన్నగా, "ఉన్నా..." అని వినపడుతుంది. కాసేపాగి మళ్ళీ "ఉన్నా..." అని వినపడుతుంది. రెండుసార్లు. ఇప్పుడు ఎవరూ నవ్వరు.

నీతి: మన పనిలో తప్పు చిన్నగా ఉన్నప్పుడే నలుగురిలో ఒప్పుకోవాలి, దాచిపెడితే అది పెరిగి, మనల్ని అందరికంటే ఎక్కువ నమ్మినవాళ్ళ మీదే పడుతుంది.