దాలమ్మ పొరల కొండ

అనగనగా ఒక రేవు. ఆ రేవుకో దీపస్తంభం. ఆ దీపస్తంభానికో దొర. ఎప్పటి మాటని మాత్రం అడక్కండి. మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే ఇది పాత కథ.

ఆ దొరను ఎవరైనా ఇంగ్లీషు దొర అంటే చాలు, ముక్కు ఎర్రబడేది. "నేను ఇంగ్లీషువాణ్ణి కాను, స్కాట్లాండు వాణ్ణి" అనేవాడు. "దొరలంతా ఒకటే కదా బాబూ" అంటే, "మీ ఊరూ పక్క ఊరూ ఒకటేనా?" అని ఎదురడిగేవాడు. పక్క ఊరి మాట ఎత్తేసరికి మనవాళ్ళకు సంగతి బాగా అర్థమయ్యేది.

ముప్పై ఏళ్ళు ఓడలకు దారి చూపించాడాయన. ముసలితనంలో ఆయన కళ్ళకే పొర కమ్మింది. వెలుగు తెలిసేది గానీ మనిషి తెలిసేవాడు కాదు. దేశానికి పోదామంటే ఆరు నెలల ఓడ ప్రయాణం, ఒంట్లో ఓపిక లేదు. అప్పుడాయనకు ఒక్కటే కోరిక పుట్టింది. తన పుట్టినింటి ముందున్న కొండ తన మంచం పక్క గోడ మీద ఉండాలి. పోయేలోగా దాన్ని ఒక్కసారి చూసుకోవాలి.

రేవుకు కూతవేటు దూరంలో కొయ్యబొమ్మల ఊరు ఉంది. అక్కడ బొమ్మలు చేసే సావిడిలో పేరుమోసిన పనివాళ్ళు ముగ్గురు. కబురు వాళ్ళకు వెళ్ళింది.

మొదటివాడు రంగు పెంచాడు. "చూపు మసక కదా, దట్టంగా వేస్తే సరి" అని పలక మీద కొండ గీసి లక్క రంగులు కుమ్మరించాడు. దొర దాన్ని కళ్ళకు ఆనించుకుని చూశాడు. "బాగుంది. కానీ నా కొండ కాదు" అన్నాడు.

రెండోవాడు కొలత పెంచాడు. తలుపంత పలక చేస్తే నలుగురు మోసుకొచ్చారు. "బాగుంది. కానీ నా కొండ కాదు" అన్నాడు దొర.

మూడోవాడు సావిడికి పెద్ద, లింగాచారి మేస్త్రీ. ఆయన మెరుపు పెంచాడు. ఆ నునుపులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. దొర చాలాసేపు చూశాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "బాగుంది. కానీ..." అన్నాడు. మిగతాది మేస్త్రీ వినకుండానే బయటికి వచ్చేశాడు.

ఆ సావిడిలో చెక్కపొట్టు ఊడ్చే మనిషి దాలమ్మ. ఆమె మొగుడు పోలయ్య ఒకప్పుడు అక్కడే బొమ్మలు చెక్కేవాడు. అతను పోయాక ఆమె చేతికి చీపురు ఇచ్చారు. ఆడది సావిడిలో ఉలి పట్టకూడదని అక్కడి కట్టు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అలాంటి కట్లే గట్టిగా ఉంటాయి.

తల వంచుకు కూర్చున్న మేస్త్రీ ముందుకు వచ్చి నిలబడింది దాలమ్మ.

"మేస్త్రీ బాబూ, ఆ కొండ నాను సేస్తాను."

ముగ్గురూ పకపకా నవ్వారు.

"చీపురు పట్టే చెయ్యి ఉలి పడుతుందటే?" అన్నాడు మేస్త్రీ.

"నా పెనివిటి ఉలి పదేళ్ళబట్టీ ఇంటికాడ నానే పడతన్నాను బాబూ. మీరు సూడనేదంతే."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. "అయితే విను. దొర ఇది నా కొండ కాదన్నాడా, ఆ ఉలి తెచ్చి సావిడిలో పడేసి పో. చీపురు కూడా నీకు లేదు."

"నాదే అన్నాడనుకోండి బాబూ?"

"నా పక్కన పీట వేస్తాను, పో!"

దాలమ్మకు ఆ ఉలే పోలయ్య, ఆ చీపురే అన్నం. అయినా సరేనంది. చెప్పొద్దూ, గుండె ఉన్న మనిషి!

తిన్నగా దొర దగ్గరికి వెళ్ళింది. కొండ ఎంత ఎత్తని అడగలేదు, ఏ రంగని అడగలేదు.

"దొరబాబూ, మీ గుమ్మంలోంచి సెయ్యి సాపితే ముందల ఏటి తగుల్తాది?"

"రాతి గోడ. మట్టి లేకుండా పేర్చిన గోడ. దాని మీద మా తాత నడుముకు గళ్ళగుడ్డ కట్టుకుని కూర్చుని తోలుసంచి ఊదేవాడు. పాట వచ్చేది."

"తిత్తి! మా బాగోతపోళ్ళకీ ఉంది. దానెనక?"

"నీళ్ళు. కొండల మధ్య దూరి కూర్చున్న నీళ్ళు. తర్వాత సూదుల్లాంటి ఆకుల చెట్లు."

"దానెనక?"

దొర చేత్తో గాలిలో ఒక వంపు గీశాడు. "దాని వెనక నా కొండ."

దాలమ్మ ఇంటికి వచ్చింది. బొమ్మలు చేసే మెత్తటి అంకుడు చెక్కను అప్పడాల్లా పల్చగా కోసింది. మొదటి రోజు కొండ పొర చెక్కింది. రెండో రోజు దాని ముందు చెట్ల పొర, నీళ్ళ పొర. మూడో రోజు గోడ పొర, గోడ మీద తాత. పొరకూ పొరకూ మధ్య వేలు దూరేటంత సందు ఉంచి, చిన్న చెక్కబిళ్ళలు పెట్టి చింతగింజల జిగురుతో అతికించింది. రంగు చుక్క కూడా వెయ్యలేదు. తాత గళ్ళగుడ్డ కట్టేవాడని దొర చెప్పాడు కదా, సాలెవీధిలో ఆరేసిన లుంగీ చూసి, అవే గళ్ళు ఉలి మొనతో గీసింది.

"దొర తాతకు లుంగీ కట్టింది రోయ్!" అని సావిడి అంతా గోల.

నాలుగో రోజు ఊరు ఊరంతా దీపస్తంభం దగ్గర చేరింది. దాలమ్మ పలకను దొర ఒళ్ళో పెట్టింది.

"కల్లతో సూడకండి బాబూ. మా అత్తకీ ఇలాగే పొర కమ్మీసింది. సేత్తో తడుంకుంటానే ఇల్లంతా తిరిగీది. సెయ్యి పెట్టి సూడండి."

దొర చెయ్యి పెట్టాడు. ముందు గోడ తగిలింది. గోడ మీద తాత తగిలాడు. తాత నడుం దగ్గర వేళ్ళు ఆగాయి. గళ్ళు లెక్కపెట్టాయి. దొర ముఖం చిట్లించాడు.

"కాదు" అన్నాడు.

దాలమ్మ కొంగులోంచి ఉలి తీసింది. ఇచ్చెయ్యడానికి మేస్త్రీ వైపు చాపింది.

"ఈ గళ్ళు మావి కావు" అంటున్నాడు దొర. "ఇవి పక్క లోయ వాళ్ళ గళ్ళు! మాకూ వాళ్ళకూ నూరేళ్ళుగా మాటల్లేవు. మా తాతకు వాళ్ళ గుడ్డ కడతావా?"

అని విరగబడి నవ్వాడు. నవ్వుతూనే వేళ్ళు గోడ దాటాయి. నీళ్ళు దాటాయి. చెట్ల సందుల్లోంచి దూరి వెనక్కి, ఇంకా వెనక్కి పోయాయి. చిట్టచివర ఒక వంపు దగ్గర ఆగాయి. నవ్వు ఆగిపోయింది. దొర పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

"నా కొండే" అన్నాడు. "ఇది నా కొండే. నేను ఇంటికి వచ్చాను."

లింగాచారి కోపిష్ఠి గానీ మాట తప్పేవాడు కాదు. చాపి ఉన్న ఆ ఉలిని రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "దాలమ్మా, కంటి పొరను చెక్క పొరతో గెలిచావు. పద, పీట వేస్తాను" అన్నాడు. ఆ ఊరు అంతగా గర్వపడిన రోజు అంతకుముందు లేదు.

దాలమ్మ ఆ పీట మీద ఇరవై ఏళ్ళు కూర్చుంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ పొరల పని నేర్పింది. ఆమె పోయిన నాడు లింగాచారి కొడుకు ఒక కొండ పొర చెక్కి సావిడి గోడకు కొట్టాడు. అప్పటినుంచి పని నేర్చుకున్న ప్రతి ఒక్కరూ కళ్ళు మూసుకుని ఆ కొండను తడిమి, దాని ముందు తన పొర ఒకటి అతికిస్తారు. ఒకరు తాటితోపు పెడతారు, ఒకరు పడవ, ఒకరు పురిటి మంచం. ఆ కొండ పెరిగి పెరిగి మనుషులు కూర్చునే చోటు ఆక్రమిస్తే, కొండను కదపలేక సావిడినే పొడిగించారు.

పైఊరివాళ్ళు వచ్చి నోరు తెరుచుకుని చూస్తారు. ఎవరు చేశారిది అని అడుగుతారు. పొరలు చెక్కినవాళ్ళు అక్కడే వరసగా కూర్చుని ఉంటారు. ఒక్కరూ తమ పేరు చెప్పరు.

"దాలమ్మ" అంటారు.

కథ సావిడి గోడ మీదికి, మనం మన మంచాల మీదికి.