పొగమంచులో మూడు పుట్లు

ఎన్ని తరాల కిందటో ఏటి యివతల ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏటి అవతల కోటలో కరాళుడనే మాంత్రికుడు. ఊళ్ళ మీద పడి, పసిపిల్లల గంజిలోకైనా మిగల్చకుండా గింజలు ఊడ్చుకుపోయేవాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుకే బురుజు మీద పంజరంలోంచి ఏటిని కాపలా కాసేది.

జనం తిరగబడ్డారు. వాళ్ళకు ముందు నిలిచి పెద్దకొడుకు ఎండాకాలంలో ఏరు దాటబోయాడు. చిలుక చూసి అరిచింది. నడి ఏట్లో రాయైపోయాడు. రెండోవాడు వానాకాలంలో దాటబోయాడు. చిలుక చూసి అరిచింది. వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు మణికేతుడు.

ఏట్లోని నీటికుక్క అతనితో అంది: "చిలుకకు చలి పడదు నాయనా. పుష్యమాసంలో పొద్దెక్కేదాకా పంజరానికి గొంగడి కప్పుతారు. అప్పుడే పోవాలి."

తెల్లవారే వేళ పొగమంచులో జనాన్ని ఎక్కించుకుని మూడు పుట్లు, తోలు కప్పిన గుండ్రటి బుట్టపడవలు, ఏట్లోకి కదిలాయి. దారి తప్పకుండా మూడింటినీ తాడుతో కట్టారు.

"నీ పళ్ళ చప్పుడుకే కోట లేచేట్టుంది దొరా," అంది తెడ్డు వేస్తున్న పుట్టివాళ్ళ పిల్ల గంగి.

"చలికి."

"చలికేలే. నాకూ అదే చలి."

పుట్టి దేనికో రాసుకుంది. మణికేతుడు చేత్తో తడిమాడు. రాతి భుజం. రాయైపోయిన అన్న భుజమే అది. దాన్ని ఒకసారి నిమిరి పుట్టిని పక్కకు నెట్టాడు.

ఒడ్డు తగిలింది. ఒడ్డు తగలగానే ఏటితల్లిని పిలవడం పుట్టివాళ్ళ అలవాటు. ముసలి తిరిపాలు నోరు జారాడు: "దాటించావు గంగమ్మ తల్లీ."

కోటగోడ మీద కాపలావాడి ఈటె కదిలింది. మణికేతుడు తన మోకాలు పట్టుకు చూసుకున్నాడు. ఇంకా మాంసమే.

పొగమంచులోంచి మెల్లగా బదులొచ్చింది: "చల్లగా చూడు తల్లీ."

పుట్టివాళ్ళు చెప్పే బదులే అది. కరాళుడు బలవంతాన ఈడ్చుకొచ్చిన పుట్టివాడే ఆ కాపలావాడు. కోట తలుపు గడియ తీసిన చప్పుడైంది.

జనం లోపలికి దూకారు. మణికేతుడు బురుజెక్కి గొంగడి లాగేశాడు. చిలుక వణికింది. కరాళుడు వణుకుతూ పాక్కుంటూ వచ్చాడు.

"గొంగడి ఇయ్యరా."

"ముందు మా అన్నల్ని లేపు."

కరాళుడు మంత్రం వేశాడు. ఏట్లో ఇద్దరు మనుషులు దగ్గుతూ లేచారు. మణికేతుడు గొంగడి విసిరాడు. జన్మంతా లాక్కోవడమే ఎరిగిన కరాళుడు దాన్ని ముందు తనే చుట్టుకున్నాడు. పంజరంలో చిలుక చలికి కొయ్యబారింది. గొంగడిలోనే వాడూ కొయ్యబారాడు.

గింజలు ఎవరివి వాళ్ళకు చేరాయి. అన్నలు తమ్ముడికే పట్టం కట్టారు. మణికేతుడు గంగిని పెళ్ళాడి అరవై ఏళ్ళు ఏలాడు. అన్నేళ్ళూ ఆ ఏటికి ఏ ఒడ్డునా కాపలా లేదు.