మగవాసన వేసిన కావలిచీమ

చీమలబారు చూశారా? ఏం చూశారో చెప్పండి! అన్నీ ఒకటే అంటారా? అలా అనుకునే ఇద్దరు రాజకుమారులు రాళ్లయిపోయారు. వినండి.

అనగనగా రత్నగిరికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణికేతుడు మనువాడబోయే కువలయను ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం చిలకలో ఉందని లోకమంతా అనుకునేది. ఆ పుకారు పుట్టించింది వాడే! అసలు గుట్టు కువలయ కాకితో కబురంపింది: ప్రాణం ఏడు సముద్రాల అవతల పుట్టలో, ఒక చీమలో ఉంది. దాన్ని చంపితే వాడు చస్తాడు. వేరే చీమను చంపితే చంపినవాడే రాయవుతాడు.

పెద్దవాడు వెళ్లి చేతికందిన చీమను నలిపాడు. రాయయ్యాడు. రెండోవాడు చీమలను మంచి చేసుకుందామని ముగ్గు వేశాడు, బియ్యప్పిండితో కాదు, రాతిపొడితో! చీమలు మూతి తిప్పుకుని పోయాయి. కోపమొచ్చి ఒకదాన్ని నలిపాడు. వాడూ రాయయ్యాడు.

మణికేతుడికి అందరిమీదా అనుమానమే. తాబేలు వీపెక్కి సముద్రాలు దాటుతూ, "నువ్వు వాడి మనిషివి కాదు కదా?" అని సముద్రానికోసారి అడిగాడు.

"అయితే ఎప్పుడో ముంచేసేదాన్ని. నోరు మూసుకో నాయనా!" అంది తాబేలు.

పుట్ట ముందు మంచి బియ్యప్పిండితో ముగ్గు వేశాడు. చీమలు బారులు కట్టాయి. పెద్దతల కావలిచీమ ఒకటి ఎదురొచ్చింది.

"అన్నా, మాంత్రికుడి ప్రాణం దాచుకున్న దొంగచీమ మీలో ఎవరు?" అని అడిగాడు మణికేతుడు.

చీమలన్నీ ఫక్కున నవ్వాయి. "అన్నట! కావలి కాస్తే మగాడేనా? పని చేసేదీ ఆడదే, కావలి కాసేదీ ఆడదే. మా మగవాళ్లకు రెక్కలుంటాయి, కావలి కాయరు."

"మరి ఎవరెవరో ఎలా తెలుస్తుంది?"

"వాసనతో! మా ఒంట్లో ఊరే రసాలు వేరు వేరు. పనికత్తె వాసన ఒకటి, కావలిదానిది ఒకటి, రాణిది ఒకటి, మగవాళ్లది ఇంకొకటి."

మాంత్రికుడూ తనలాగే కావలిచీమ మగదనుకుని, తన చీమకు మగవాసన పూసి ఉంటే? "అక్కా, మగవాసన వేసే కావలిది మీలో ఉందా?" అన్నాడు మణికేతుడు.

చీమలు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాయి. "ఉంది. మాకూ అనుమానమే. కొరికి చూశాం, పళ్లు దిగలేదు."

దాన్ని తోసుకొచ్చాయి. "నేను మీ చెల్లెల్నే!" అని అది గింజుకుంది.

"అయితే కళ్లు మూసుకుని నేను పనికత్తెనో, కావలిదాన్నో చెప్పవే," అంది ముసలి చీమ. వాసన పట్టడం రాని అది పారిపోబోయింది. మణికేతుడు దాన్ని పట్టి నలిపేశాడు.

మాంత్రికుడు కూలాడు. రాళ్లు మళ్లీ అన్నలయ్యాయి. మణికేతుడు కువలయను పెళ్లాడి తల నెరిసేదాకా రాజ్యమేలాడు. అయినా అనుమానం పోలేదు. రోజూ కోటగుమ్మంలో వంగి, ముగ్గును వేలికద్దుకుని నాలిక మీద వేసుకునేవాడు. రాతిపొడి తగిలితే, "ఎవరిని మోసం చేద్దామని?" అని మండిపడేవాడు.

మరి పొద్దున మీ గడపలో వేసిన ముగ్గును చీమలు తిన్నాయా, మూతి తిప్పుకుని పోయాయా?